చెక్క విమానానికి అల్యూమినియం ట్యాంకు: నా అనుభవం

భీమిలి రోడ్డులోని ఒక షెడ్డులో ముగ్గురు మిత్రులం కలిసి కడుతున్న విమానం పియెటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బెర్నార్డ్ పియెటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను బిగించి ఎగరేసిన రెండు సీట్ల చెక్క విమానమిది. సొంతంగా విమానం కట్టుకునేవారిలో చాలామంది ఇప్పటికీ ఆ నక్షాలతోనే పని మొదలుపెడతారు. మాది మాత్రం 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఏ-65 ఇంజను. ఈ విమానంలో రెక్క మనుషుల తలల మీదుగా వెళుతుంది, ట్యాంకు ఆ రెక్క నడిమి భాగంలో కూర్చుంటుంది, పెట్రోలు పంపు లేకుండా తన బరువుతోనే కార్బ్యురేటరుకు దిగుతుంది. ఏర్పాటు సులువైనదే గాని ట్యాంకు కారితే కారేది ముందు సీటులో కూర్చున్నవారి నెత్తిమీద. వారికి కాస్త ముందు వేడి ఎగ్జాస్టు గొట్టాలు ఉంటాయి. అనుమతుల వ్యవహారం వేరే కథ కనుక దాన్ని పక్కన పెట్టి ట్యాంకు సంగతి మాత్రమే రాస్తున్నాను.

ఫైబర్‌గ్లాసుతో చేసుకుంటే తేలిక కదా అని చాలామంది అడిగారు. మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఫైబర్‌గ్లాసు పోగులను పట్టి ఉంచే జిగురైన రెజిన్లలో కొన్ని రకాలను ఇథనాల్ మెల్లగా మెత్తబరుస్తుంది. అలా ఊడిన పొర వడపోతలో ఇరుక్కుంటే ఇంజను ఆకాశంలోనే ఆగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలును ఈ ఇంజనుకు వాడకూడదన్నది మా నిర్ణయమే అయినా, ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు పొరపాటున పోయరన్న భరోసా లేదు. అల్యూమినియానికీ ఇథనాల్ పూర్తిగా మిత్రుడేమీ కాదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు అడుగున చేరి నిలిచిపోతే లోహం తినేస్తుంది. కాకపోతే అడుగున చేరిన నీటిని రోజూ తీసేసే ఏర్పాటు చేసుకోవచ్చు, మెత్తబడిన రెజిన్‌ను ఎవరూ తిరిగి గట్టిపరచలేరు.

లోహం ఎంపికకు మేము ఎక్కువ సమయమే పెట్టాము. విమానం పని అనగానే అందరి నోటా వచ్చే 2024 నంబరు అల్యూమినియం మిశ్రమం బలమైనదే, కాని అందులోని రాగి వల్ల కరిగించి అతికితే పగుళ్లిస్తుంది. అది రివిట్ల పనికి పుట్టిన లోహం. 6061-టీ6 వెల్డింగుకు ఒప్పుకుంటుంది గాని, వేడి తగిలిన మేర, వేడి చికిత్సతో వచ్చిన టీ6 బలాన్ని చాలా వరకు పోగొట్టుకుంటుంది, పైగా పదునైన మలుపు వంచితే నెర్రె తీస్తుంది. 3003 మెత్తగా వంగుతుంది, చక్కగా అతుకుతుంది, బలం మాత్రం తక్కువ. మేము తీసుకున్నది 5052-హెచ్32. సుమారు 2.5 శాతం మెగ్నీషియం ఉండే ఈ మిశ్రమానికి బలం వేడి చికిత్స వల్ల కాక, మెగ్నీషియం వల్ల, రోలింగులో పడిన ఒత్తిడి వల్ల వస్తుంది. అందువల్ల అతుకు పక్కన కొంత మెత్తబడినా 6061 అంతగా దిగజారదు. మందం 1.6 మిల్లీమీటర్లు, అంటే మన బజారు లెక్కలో 16 గేజ్.

విశాఖలో అల్యూమినియం షీటు అడిగితే లేదనే దుకాణం ఉండదు, ఏ గ్రేడు అని అడిగితే మాత్రం చాలా చోట్ల సమాధానం ఉండదు. షాపుల ముందు భాగాలకు, పార్టిషన్లకు అమ్మే షీటు సాధారణంగా మెత్తని వాణిజ్య రకం. ఓడల సామాను అమ్మేవారి దగ్గర 5083 పేరు వినబడుతుంది, అది మంచి లోహమే, కాని మెగ్నీషియం 3 శాతం దాటిన మిశ్రమాలు 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఏళ్ల తరబడి ఉంటే ఒత్తిడి కింద తుప్పు పగుళ్లకు లోనవుతాయి. చివరకు మిల్లు పరీక్షా పత్రంతో (షీటు ఏ గ్రేడో తయారీదారు రాసిచ్చే పత్రం) సహా షీటు ఇవ్వగల డీలరు ద్వారానే తెప్పించాము. ఆ పత్రం చేతిలో లేని షీటుతో ట్యాంకు మొదలుపెట్టవద్దని ఈ పనికి దిగేవారికి గట్టిగా చెబుతాను.

నిబంధనల విషయానికి వస్తే, సొంతంగా కట్టుకునే విమానాలకు తప్పనిసరి కాకపోయినా, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఏ.ఏ. వారు చిన్న విమానాలకు పెట్టిన పార్ట్ 23 నియమాలను 2017లో తిరగరాయకముందున్న రూపంలో మేము కొలబద్దగా పెట్టుకున్నాము, ఎందుకంటే ఆ పాత రూపంలో అంకెలు స్పష్టంగా ఉంటాయి. ట్యాంకులో 2 శాతం వ్యాకోచానికి ఖాళీగా ఉండాలి. అడుగున నీరు చేరే గుంట సామర్థ్యం ట్యాంకులో 0.25 శాతం గాని, గాలనులో పదహారవ వంతు గాని, ఏది ఎక్కువైతే అంత ఉండాలి, ట్యాంకు 3.5 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడికి నిలవాలి. మా ట్యాంకు 750 మిల్లీమీటర్ల వెడల్పు, 500 పొడవు, సగటున 130 లోతు. లెక్కకు 48 లీటర్లకు పైగా వచ్చినా వాడుకకు 45 అనుకున్నాము. 45 లీటర్లలో 0.25 శాతం అంటే 112 మిల్లీలీటర్లే కనుక రెండో లెక్క ప్రకారం సుమారు 240 మిల్లీలీటర్ల గుంట పెట్టాము. పైన ఖాళీ కోసం పెట్రోలు పోసే మూతి గొట్టాన్ని పైపలక కన్నా కిందికి దించాము. దానివల్ల ఎంత పోసినా గొట్టం అంచు దాటాక పైన గాలి చిక్కుకుని నిలుస్తుంది, నింపేవాడి జాగ్రత్త మీద ఆధారపడనక్కర లేదు.

ఇక అతుకుల చోటు. ట్యాంకు కారిందంటే వెల్డరును తిట్టడం ఆనవాయితీ, కాని పాత ట్యాంకులు పగిలిన తీరు చూస్తే పగులు చాలాసార్లు అతుకులో కాక అతుకును ఆనుకొని, వేడికి మెత్తబడిన సన్నని గీత వెంట కనబడుతుంది. ఇంజను కంపనానికి వెడల్పు పలకలు లోపలికీ బయటికీ ఊగుతుంటే ఆ ఊగు మొత్తం మూల మీదే మడత పడుతుంది; మూలలోనే అతుకు కూడా ఉంటే మెత్తని గీత మీదే వంపు పడి కొన్నాళ్లకు తెగుతుంది. కాబట్టి మూలల్లో వంపే ఉండాలి, అతుకు ఉండకూడదు. పైపలక, అడుగుపలక, ముందు వెనుక గోడలు నాలుగూ ఒకే షీటును చుట్టి వంచి చేశాము. ఆ చుట్టు కలిసే ఒకే ఒక్క అతుకును పైపలక మీద, వెనుక మూలకు దూరంగా పెట్టాము. పక్క పలకలు రెండింటికీ అంచు చుట్టూ బయటి వైపుకు చూసే మడత తీసి, చుట్టులోకి దోపి, రెండు అంచులూ సమంగా నిలిచిన చోట అతికించాము. అక్కడ రెండు వైపులా లోహం ఒకే మందం కనుక వేడి సమంగా పడుతుంది, అతుకు మూల వంపు నుంచి ఆ మడత పొడవంత దూరంలో ఉంటుంది. ఈ పద్ధతిలో మడతకూ చుట్టుకూ మధ్య సన్నని సందు మిగిలి అక్కడ తేమ నిలవవచ్చన్నది నిజమైన లోపమే. పగులు కన్నా అది నయమని నిర్ణయించుకున్నాము.

ముందుగా మందపాటి అట్టతో ట్యాంకు మొత్తం చేసి రెక్క దూలాల మధ్య కూర్చోబెట్టి చూసుకున్నాము. తరువాత గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో బెండింగు మిషను మీద వంచాము. అక్కడి డై ఇనుప షీటు కోసం పెట్టుకున్నది, దాని అంచు మా పనికి మరీ పదును. దాని మీద షీటు మందానికి రెండింతల వ్యాసార్థం వచ్చేలా మలిచిన పట్టీ బిగించాకే వంచనిచ్చాను. షీటును దగ్గరగా చూస్తే రోలింగు గీతలు సన్నగా ఒకే దిశలో కనబడతాయి. వంపు ఆ గీతలకు అడ్డంగా పడాలి. గీతల వెంట వంచితే బయటి ముఖం గరుకెక్కి నెర్రెలకు దారి తీస్తుంది. కొలతలు గీయడానికి సూది మొన గాని పెన్సిలు గాని వాడలేదు. సూది గీత పగులుకు మొదలవుతుంది, పెన్సిలులోని గ్రాఫైటు తేమ తగిలితే అల్యూమినియాన్ని తింటుంది. మార్కరు పెన్ను చాలు. మిషను బల్ల మీద రాలిన ఇనుప రజను షీటులోకి నాటుకోకుండా కింద మందపాటి కాగితం పరిచాము. ఆ షెడ్డు వారికి ఇదంతా చాదస్తంగా తోచింది గాని కాదనలేదు. పక్క పలకల మడతలను టేకు చెక్కతో చేసుకున్న అచ్చు మీద చెక్క సుత్తితో కొద్దికొద్దిగా కొట్టి దింపాము.

ట్యాంకు లోపల రెండు అడ్డుపలకలు ఉన్నాయి. విమానం ఒరిగినప్పుడు పెట్రోలు అంతా ఒక పక్కకు దూకకుండా ఆపడం వాటి మొదటి పని, పైపలకనూ అడుగుపలకనూ కలిపి పట్టి అవి ఊగకుండా చేయడం రెండో పని. నా దృష్టిలో రెండోదే పెద్దది. వాటి మధ్య రంధ్రాలకు అంచులు మడిచి బిగువు తెచ్చాము. పెట్రోలు, గాలి అటూ ఇటూ పారేందుకు నాలుగు మూలలూ కోశాము. అడ్డుపలకలను చుట్టుకు రివిట్లతో బిగించి, బయటి నుంచి ఒక్కొక్క రివిటు తలనూ వెల్డింగుతో మూశాము. ఇక్కడ రివిటు రకం ముఖ్యం. విమాన దుకాణాల్లో మామూలుగా దొరికే 2117 రకం రివిటులో రాగి ఉంటుంది, దాని తల కరిగిస్తే పగులుతుంది. వెల్డింగు చేయదలచిన చోట 5056 రకం గాని, మెత్తని 1100 రకం గాని వాడాలి. మేము 5056 వాడాము.

1948లో ఇక్కడే కట్టిన జల ఉష ఓడ నీటిలోకి దిగిన ఊరు కనుక విశాఖలో వెల్డరుకు కొదవ లేదు, సన్నని అల్యూమినియం మీద నిలకడగా నడిచే చేతిని మాత్రం వెతకాలి. మాకు దొరికిన మేస్త్రి గారు ఏళ్ల తరబడి ఓడల మరమ్మతు పనిలో ఉన్నవారు. ముందుగా మా షీటు ముక్కలనే ఇచ్చి అతికించమన్నాము. అతికిన ముక్కను వైస్‌లో బిగించి వంచి, తెరుచుకున్న చోట లోపల బుడగలు ఉన్నాయా అని చూసి, ఆ తరువాతే అసలు పని అప్పగించాము. "ఇనుం అయితే ఎర్రబడి ముందే సెప్తాది బాబూ. ఇది సెప్పదు. అద్దంలా మెరిసిందంటే నీరైపోయినట్టే, సూసేలోపు బొక్క పడిపోద్ది" అని ఆయన మొదటి రోజే నాకు బోధపరిచారు. ఆ మాట వెనుక శాస్త్రం ఉంది. ఈ మిశ్రమం సుమారు 600 నుంచి 650 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఆ వేడికి అది పగటి వెలుగులో ఎర్రబడదు. దాని మీదున్న ఆక్సైడు పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. అందుకే ఏ.సి. కరెంటు మీద టిగ్ వెల్డింగు (టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ వాయువు కప్పుతూ చేసే అతుకు) చేస్తారు. కరెంటు దిశ మారే ప్రతిసారీ ఒక సగం ఆ పొరను చెదరగొడుతుంది, రెండో సగం లోహాన్ని కరిగిస్తుంది.

ఆ పొర సంగతి కరెంటుకే వదిలేయడానికి వీలు లేదు. ప్రతి అంచునూ ముందు అసిటోన్‌తో తుడిచి, తరువాత అల్యూమినియానికి తప్ప మరి దేనికీ వాడని స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో ఒకే దిశలో రుద్దాము. ఈ వరుస తిరగబడితే బ్రష్ నూనెను లోహంలోకి రుద్దుతుంది. అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్డును కూడా అలాగే తుడిచాము. క్లోరిన్ ఉన్న ద్రావకాలు మాత్రం వెల్డింగు జరిగే చోటికి రానీయకూడదు, ఆర్క్ వెలుగుకు అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. రాడ్డు 5356 రకం. 6061కు విరివిగా వాడే 4043 రాడ్డులోని సిలికాన్ 5052లోని మెగ్నీషియంతో కలిసి అతుకును పెళుసుబరుస్తుంది. 5356లోనూ మెగ్నీషియం 5 శాతం ఉంటుంది కనుక పైన చెప్పిన 65 డిగ్రీల హెచ్చరిక దానికీ వర్తిస్తుంది, కాని మా ట్యాంకు ఇంజను గదికి దూరంగా రెక్కలో ఉంది.

విశాఖ గాలి ఈ పనికి పెద్ద ప్రతికూలం. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను బాగా పీల్చుకుంటుంది, గట్టిపడగానే దాన్ని నిలుపుకోలేక బుడగలుగా వదులుతుంది. తేమ ఎక్కడున్నా అక్కడ హైడ్రోజన్ ఉన్నట్టే. సముద్రపు గాలికి షీటు మీద కంటికి కనబడని తేమ, ఉప్పు చేరుతూనే ఉంటాయి, కాబట్టి ఆ పూట అతికే అంచునే ఆ పూట తుడిచాము, ముసురు పట్టిన రోజున మేస్త్రి గారు మిషను ఆన్ చేయడానికే ఒప్పుకోలేదు. ఆర్గాన్ చెదిరిపోతుందని ఫ్యాను ఆపేయాలి, ఆపితే చెమట కారి షీటు మీద పడుతుంది. ఆయన నుదుటికి తువ్వాలు చుట్టుకుని, చేతులకు శుభ్రమైన తొడుగులు వేసుకుని పని చేశారు. ఒక్క చెమట చుక్క పడినా ఆ జాగా మళ్లీ తుడిచేదాకా నేను పక్కనే అసిటోన్ సీసా పట్టుకుని నిలబడేవాణ్ణి.

వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు సాగుతుంది. అందువల్ల ముందు దగ్గర దగ్గరగా చిన్న చిన్న ట్యాకులు (కదలకుండా పట్టే చుక్క అతుకులు) వేసి, మధ్య నుంచి చివరలకు, ఒక వైపు కొంత, ఎదురు వైపు కొంత చొప్పున అతుకు నడిపించారు. ప్రతి అతుకు చివరనా కాలి పెడలుతో కరెంటును మెల్లగా తగ్గిస్తూ ఇంకొంచెం రాడ్డు అందించేవారు. అలా చేయకపోతే చివర మిగిలే చిన్న గుంటలో నక్షత్రం ఆకారంలో పగులు వస్తుంది. గొట్టాలు బిగించేందుకు లేతు మీద 6061తో తిప్పించిన మరల బొడిపెలను అతికేటప్పుడు లోపల ఇత్తడి బిరడాలు బిగించి ఉంచాము, లేకుంటే వేడికి మరలు వంకరపోతాయి. చివరి అతుకు మూసేటప్పుడు మూతి తెరిచే ఉంచాలి. అన్ని దారులూ మూసేస్తే లోపల వేడెక్కిన గాలి చివరి కరుగును బయటికి ఊదేస్తుంది.

పరీక్ష దగ్గర ఒక లెక్క చెప్పాలి. 3.5 పి.ఎస్.ఐ. అంటే చిన్న అంకెలా కనబడుతుంది, కాని మా పైపలక వైశాల్యం మీద అది సుమారు 900 కిలోల తోపు. ఆటోనగర్ కంప్రెసరు గొట్టం దీనికి తగిలిస్తే ట్యాంకు ఉబ్బి చిరగడానికి క్షణం పట్టదు, కుదించిన గాలి చిరిగిన లోహాన్ని ముక్కలుగా విసురుతుంది. అందువల్ల రెండు దశలుగా చేశాము. మొదట గాలితో, అతి తక్కువ ఒత్తిడి మీద, కారుడు వెతకడానికి. ఆ తరువాత నీటితో, పూర్తి ఒత్తిడి మీద, బలం చూడడానికి.

గాలి పరీక్షకు సైకిలు పంపు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన గొట్టం చాలాయి. గొట్టాన్ని యూ ఆకారంలో వేలాడదీసి సగానికి నీరు పోసి, ఒక కొసను ట్యాంకుకు తగిలిస్తే అదే ఒత్తిడి కొలిచే సాధనం. ఒత్తిడి మించితే నీరే బయటికి చిమ్మి ట్యాంకును కాపాడుతుంది. అన్ని అతుకుల మీదా, ప్రతి రివిటు తల మీదా సబ్బునీళ్లు పూసి టార్చిలైటు వేసి చూశాము. ఎడమ పక్క పలక కింది మూలలో, అతుకు ఒకటి ఆగి ఇంకొకటి మొదలైన చోట, ఆవగింజంత నురగ పుట్టి, ఆగి, మళ్లీ పుట్టింది. మిగతా చోటంతా పొడిగా నిలిచింది. మేస్త్రి గారు దాని మీదే ఇంకో పొర కరిగించలేదు. సూది రంధ్రం అడుగు కనబడేదాకా లోహాన్ని చెక్కి, తుడిచి, రుద్ది, కొత్తగా నింపారు. పైన పూసే అతుకు బుడగను కప్పుతుందే గాని తీసివేయదు.

ఆ తరువాత గొట్టంలోని నీటి మట్టం నిలుస్తుందా అని గమనిస్తూ కూర్చున్నాము. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూసిన ట్యాంకులోని గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే నీటి మట్టం మూడు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. మబ్బు పట్టినా, తలుపు తెరిచినా ట్యాంకు కారుతున్నట్టే భ్రమ కలుగుతుంది. కాబట్టి ట్యాంకును ఆనించి థర్మామీటరు కట్టి, ఉదయం వేడిమి ఎంత ఉందో మళ్లీ అంతకు వచ్చినప్పుడు మాత్రమే మట్టాలు పోల్చాము.

బలం పరీక్షకు ట్యాంకును నిండా నీటితో నింపి, గాలి ఏమాత్రం మిగలకుండా తీసి, అదే మట్టపు గొట్టాన్ని మేడ మెట్ల పక్కగా 2.46 మీటర్ల ఎత్తుకు లేపి నీరు పోశాము. అంత ఎత్తు నీటికి 3.5 పి.ఎస్.ఐ. ఒత్తిడి వస్తుంది. నీరు కుదించుకోదు కనుక ఎక్కడ తెగినా చిన్న చీలిక, కొంత నీరు తప్ప ప్రమాదం ఉండదు. అడ్డుపలకల వరుసల మధ్య పైపలక కొద్దిగా ఉబ్బింది, నీరు దించగానే తిరిగి తన మట్టానికి వచ్చింది. స్టీలు స్కేలు ఆనించి చూస్తే శాశ్వతమైన ఉబ్బు కనబడలేదు.

లోపలి గోడలకు పూసే సీలింగు ద్రావకం కూడా ఒకటి పోసి తిప్పమని కొందరు సలహా ఇచ్చారు, మేము పోయలేదు. అలాంటి పూతలు ఏళ్లు గడిచాక పెచ్చులుగా ఊడి పెట్రోలు దారికి అడ్డం పడిన సందర్భాలు ఉన్నాయి, ఆల్కహాలు తగిలితే ఇంకా త్వరగా ఊడుతాయి. కారే ట్యాంకును వెల్డింగుతోనే బాగుచేయాలి, అది కూడా పెట్రోలు పోయకముందే. ఒకసారి పెట్రోలు చూసిన ట్యాంకులో ఎంత కడిగినా ఆవిరి మిగిలే అవకాశం ఉంటుంది, దాని దగ్గరకు ఆర్క్ తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటం.

ట్యాంకును రెక్కలో పట్టీలతో కట్టినప్పుడు కింద పెట్టిన మెత్తలు తేమను, పెట్రోలును పీల్చనివిగా ఉండేలా చూశాము. ఉన్ని బద్దలు చవకే గాని, తడి పీల్చి అల్యూమినియాన్ని ఆనుకుని తడిగానే ఉంటాయి, ఈ సముద్రతీరంలో అది తగదు. బయటికి పోయే బొడిపె లోపల అంగుళానికి 8 నుంచి 16 కన్నులుండే జల్లెడ గొట్టం బిగించాము.

చివరగా ప్రవాహ పరీక్ష. పంపు లేని ఏర్పాటులో, ఇంజను టేకాఫ్‌లో తాగే పెట్రోలుకు ఒకటిన్నర రెట్లు దానంతట అదే దిగాలన్నది నియమం. ఏ-65 పూర్తి శక్తి మీద గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుందని లెక్కవేసుకుంటే, నిమిషానికి అర లీటరు రావాలి. తోక చక్రాన్ని గుంటలో దించి, ముక్కును ఎక్కేటప్పటి కోణం కన్నా ఇంకొంచెం పైకి లేపి, కార్బ్యురేటరు దగ్గర గొట్టం విప్పి, నిప్పురవ్వ పుట్టకుండా లోహపు కొలత డబ్బాకూ విమానానికీ మధ్య తీగ కలిపి, ఆరుబయట పట్టి చూశాము. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అర లీటరుకు మించే వచ్చింది. ముక్కును కిందికి వంచినప్పుడు మాత్రం ముందు మూలలో కొంత పెట్రోలు మిగిలిపోతోంది. దాన్ని పూర్తిగా పిండి కొలిచి, వాడుకోలేని ఇంధనంగా లెక్కలో రాసి, పెట్రోలు కొలిచే కడ్డీ మీద సున్నా గీతను ఆ మేరకు పైకి జరిపాము.